ఫ్రీజర్లో ఉన్న ఆ నాలుగు

ప్రతి జనవరిలో మాకొక బిల్లు వస్తుంది. కరెంటు బిల్లు కాదు, ఇన్సూరెన్సూ కాదు. మేం ఐవీఎఫ్ చేయించుకున్న క్లినిక్ వాళ్ళు పంపే స్టోరేజ్ బిల్లు. 2012 లో దాచిన మా పిండాలు నాలుగు, ద్రవ నైట్రోజన్లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర, పదమూడేళ్ళుగా అలాగే ఉన్నాయి. మొదట్లో ఏడాదికి 600 డాలర్లుండేది, ఇప్పుడు 900 దాటింది. ఆటో పే పెట్టేశాను కాబట్టి ఆ మెయిల్ తెరిచి చూసిందీ తక్కువే. నెట్‌ఫ్లిక్స్ డబ్బులు పోయినట్టే అవీ పోయేవి.

ఈసారి బిల్లుతో పాటు ఒక ఫారం కూడా పంపారు. పాత సంతకాలు చెల్లవు, మళ్ళీ పెట్టమని. అందులో నాలుగు గడులు. ఒకటి: ఇంకా దాచండి. రెండు: పిల్లల్లేని వేరే దంపతులకివ్వండి. మూడు: కరిగించి పారేయండి. నాలుగు: పరిశోధనకివ్వండి. కింద ఇద్దరి సంతకాలకీ చోటు.

ఆ ఫారం వచ్చిన వారంలోనే మా నాన్న తద్దినం. పిండం అనే మాటకి మన భాషలో రెండర్థాలున్నాయని చిన్నప్పట్నుంచీ తెలిసిందే కానీ, ఒకే వారంలో రెండూ ఎదురుగా వచ్చి కూర్చోవడం ఇదే మొదటిసారి.

ఈ నాలుగో గడి గురించి ఒకప్పుడు నేను తెగ వాదించేవాణ్ణి. అది 2004. సన్నీవేల్‌లో అపార్ట్‌మెంట్, నలుగురు రూమ్మేట్లు, శనివారం రాత్రి బిర్యానీ, దాంతోపాటు రాజకీయాలు. ఆ నవంబర్లో కాలిఫోర్నియాలో ప్రాపొజిషన్ 71 మీద ఓటింగ్. స్టెమ్ సెల్స్, అంటే మూలకణాల పరిశోధనకి రాష్ట్రం 300 కోట్ల డాలర్ల బాండ్లు జారీ చెయ్యొచ్చా, వద్దా అని. నాకు ఓటు లేదు, హెచ్1 గాణ్ణి. కానీ ఆ అప్పు తీర్చేది మన టాక్సులతోనే కదా, కాబట్టి మాట్లాడే హక్కుందని నా వాదన!

అసలు గొడవేంటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అండం, శుక్రకణం కలిసిన అయిదారు రోజులకి పిండం సూది మొనంత ఉంటుంది. వందో రెండొందలో కణాలు. బయట ఒక పొర, లోపల ఒక చిన్న ముద్ద. ఆ లోపలి ముద్దలోని కణాలు ఒంట్లో ఏ కణంగానైనా మారగలవు. గుండె కావచ్చు, నరం కావచ్చు, ఇన్సులిన్ తయారుచేసే కణం కావచ్చు. 1998 నవంబర్లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో జేమ్స్ థామ్సన్ బృందం మనిషి పిండం నుంచి ఆ కణాల్ని బయటికి తీసి ల్యాబ్‌లో పెంచగలిగామని ప్రకటించింది. అవి తీస్తే ఆ పిండం ఇక ఉండదు. గొడవంతా ఈ ఒక్క వాక్యం దగ్గరే.

2001 ఆగస్టు 9 న బుష్ టీవీలో కనిపించి ఒక మధ్యేమార్గం చెప్పాడు. ఈ రోజుకే తీసేసిన కణాల మీద పరిశోధనకి ఫెడరల్ డబ్బులిస్తాం, ఇకముందు పిండాల్ని నాశనం చేసి తీసే వాటికివ్వం అని. పనికొచ్చే లైన్లు 60 పైగా ఉన్నాయన్నారు. తీరా చూస్తే ల్యాబులకి దొరికినవి 21. ప్రైవేటు డబ్బుతో చేసుకుంటే అడ్డు లేదు. దాంతో కొన్ని ల్యాబుల్లో మైక్రోస్కోపుల మీద రంగు స్టిక్కర్లు వెలిశాయి, ఇది ఫెడరల్ డబ్బుతో కొన్నది, ఇది కాదు అని. ఒకే టీమ్ రెండు క్లయింట్ల పని చేస్తూ టైమ్‌షీట్లు కలవకుండా జాగ్రత్తపడటం మనకి తెలిసిందే కదా, అచ్చం అదే.

నా వాదన చాలా సింపుల్‌గా ఉండేది. "ఐవీఎఫ్ క్లినిక్కుల్లో మిగిలిపోయిన పిండాలవి. ఎలాగూ పారేసేవే. పారేసే బదులు ఒక రోగికి పనికొస్తే నష్టమేంటి?"

మా రూమ్మేట్లలో ఒకడు గుంటూరు వాడు, కేథలిక్. ఆదివారం మాస్ తప్పని మనిషి. వాడన్నాడు, "ఉరిశిక్ష పడ్డవాడు కూడా ఎలాగూ పోయేవాడే మామా. అలాగని ముందే వాడి కిడ్నీ తీసేసుకుంటామా?"

"వాడికి మెదడుంది, నొప్పి తెలుస్తుంది. దీనికి ఒక్క నరం కూడా లేదు."

"అంటే ప్రాణానికి విలువ నరాలు లెక్కపెట్టి కడతావా?"

అప్పుడు నేను ఎక్కడో చదివిన ఒక ఉదాహరణ బయటికి తీశాను. క్లినిక్‌లో మంటలు. ఒక పక్క అయిదేళ్ళ పాప, ఇంకో పక్క పిండాలున్న ట్రే. ఒక్కటే తీసుకురాగలవు. ఏది తెస్తావు? పాపనే తెస్తావు కదా, అంటే నీ మనసుకి కూడా తెలుసు అవి పిల్లలు కావని.

వాడు కాసేపాలోచించి, "పాపనే తెస్తాను. కానీ నీ కూతురూ పక్కింటి పిల్లా మంటల్లో ఉంటే నువ్వు నీ కూతుర్నే తెస్తావు. అంటే పక్కింటి పిల్ల మనిషి కాదనా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. గట్టిగా నవ్వి టాపిక్ మార్చేశాను. మన వాదనల్లో ఓడిపోయినవాడు చేసే పని అదే కదా!

ప్రాపొజిషన్ 71 నెగ్గింది. 2006 జులైలో బుష్ తన పదవీకాలంలో మొట్టమొదటి వీటో ఈ విషయం మీదే వాడాడు. 2007 లో మళ్ళీ ఇంకోసారి. 2009 మార్చిలో ఒబామా వచ్చి ఆ ఆంక్షలు ఎత్తేశాడు. పిండాన్ని నాశనం చేసే పనికి మాత్రం ఫెడరల్ డబ్బు వాడకూడదన్న నిబంధన 1996 నుంచి ఏటా బడ్జెట్‌తో పాటు వస్తూనే ఉంది. ఇవన్నీ నేను క్రికెట్ స్కోరులా ఫాలో అయ్యేవాణ్ణి. ఎందుకంటే 2005 లో మా నాన్నకి పార్కిన్సన్స్ అని తేలింది.

తెనాలి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవారు, "ఒరేయ్, అక్కడేదో కణాల వైద్యం వస్తోందిటగా, పేపర్లో రాశారు." నేను ప్రతిసారీ ఒకటే మాట చెప్పేవాణ్ణి. "ఇంకో అయిదేళ్ళు నాన్నా. అయిదేళ్ళలో వచ్చేస్తుంది." ఆ మాట నేను కనిపెట్టింది కాదు. ఆ రోజుల్లో అందరూ అలాగే మాట్లాడారు. 2004 ఎన్నికల ప్రచారంలో జాన్ ఎడ్వర్డ్స్ అయితే, కెర్రీ గెలిస్తే క్రిస్టఫర్ రీవ్ లాంటివాళ్ళు వీల్‌ఛెయిర్ల లోంచి లేచి నడుస్తారన్నంత దూరం వెళ్ళాడు. రాజకీయ నాయకుడి మాట అని నవ్వుకున్నాను గానీ, ఫోన్లో నాన్నకి నేను చెప్పింది మాత్రం వేరేనా?

2011 లో ఆయన నాతో చెప్పకుండా ఒక చోటికెళ్ళారు. "స్టెమ్ సెల్ థెరపీ" అని బోర్డు. మూడు ఇంజెక్షన్లు, మూడు లక్షలు. ఆ సూదిలో ఏముందో ఇప్పటికీ మాకెవరికీ తెలియదు. చెయ్యి వణకడం తగ్గలేదు, సిండోపా మాత్రల లెక్క పెరిగింది. నేను అరిచాను ఫోన్లో, అడగొద్దా అని. ఆయన నెమ్మదిగా అన్నారు, "నువ్వు చెప్పిన అయిదేళ్ళూ అయిపోయాయిరా. అందుకే వెళ్ళాను."

2017 లో ఆయన పోయారు.

మధ్యలో మా కథ. పెళ్ళయిన ఆరేళ్ళకీ పిల్లల్లేరు. 2012 లో ఐవీఎఫ్. మా ఆవిడ పొట్ట మీద ఇంజెక్షన్ల వల్ల కమిలిన మచ్చలు ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి. ఆరు పిండాలొచ్చాయి. రెండు వేశారు, ఒకటి నిలిచింది. ఇప్పుడు దానికి పన్నెండేళ్ళు, నాతో ఇంగ్లీషులోనే పోట్లాడుతుంది. మిగిలినవి నాలుగు. ఆ రోజు కూడా ఒక ఫారం ఇచ్చారు, మిగిలితే ఏం చెయ్యమంటారు అని. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఐ అగ్రీ నొక్కినట్టు చదవకుండా సంతకం పెట్టాను. బిడ్డ పుడుతుందా లేదా అని చూస్తున్న రోజున మిగిలిపోయేవాటి గురించి ఎవడాలోచిస్తాడు?

ఇప్పుడు అదే ఫారం చేతిలో ఉంటే, 2004 నాటి నా డైలాగు నాకే నోట్లోంచి రావట్లేదు. "ఎలాగూ పారేసేవే." ఎవరు పారేస్తారు? పారేసేది నేనే. ఆ "ఎలాగూ" అనేది ఆకాశం నుంచి ఊడిపడదు, మూడో గడిలో నేను టిక్ పెడితేనే వస్తుంది. అంటే నా నిర్ణయాన్నే సాకుగా చూపించి నా ఇంకో నిర్ణయాన్ని సమర్థించుకుంటున్నానన్నమాట. ఇరవయ్యేళ్ళ క్రితం అవి వేరేవాళ్ళవి కాబట్టి ఇది కనిపించలేదు.

గుంటూరు వాడికి ఫోన్ చేశాను. వాడి సంగతి ఒకటి చెప్పాలి. వాళ్ళకీ పిల్లలు కలగలేదు. ఐవీఎఫ్ వాళ్ళ చర్చి ఒప్పుకోదు, వాడూ వద్దనుకున్నాడు. ఇండియా వెళ్ళి ఒక పాపని దత్తత తెచ్చుకున్నారు. పిండం మనిషేనని టీవీలో గొంతు చించుకుంటూ, పక్కనే ఐవీఎఫ్ క్లినిక్కుల జోలికి మాత్రం పోని రాజకీయాలు చాలా చూశాను. వీడు అలా కాదు. నమ్మినదానికి తన జీవితంతో ఖరీదు కట్టాడు. వాడితో ఏకీభవించకపోయినా వాడి ముందు నాకు గొంతు లేవదు.

అంతా విని అన్నాడు, "నాకు నచ్చే గడి అందులో లేదు మామా. ఏదో ఒకటి పెట్టు, నీ ఇష్టం. కానీ ఎందుకు పెట్టావో నీకు నువ్వు చెప్పుకో. ఎలాగూ పారేసేవే అని మాత్రం అనకు."

మన శాస్త్రాలేమంటాయో చూద్దామని కూడా కూర్చున్నాను. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్రా యూనివర్సిటీ వీసీ గారు కౌరవులు స్టెమ్ సెల్, టెస్ట్‌ట్యూబ్ టెక్నాలజీతోనే పుట్టారని సెలవిచ్చారు. అది నాకేం సాయపడలేదు. చరకసంహిత మాత్రం కొంచెం ఆలోచింపజేసింది. శుక్రం, శోణితం, జీవం మూడూ కలిసి కడుపులో చేరినప్పుడు దాన్ని గర్భం అంటారు అన్నాడు చరకుడు. జీవం మొదట్నుంచే ఉందంటున్నాడు, మళ్ళీ కడుపులో చేరాలనీ అంటున్నాడు. యూదుల సంప్రదాయంలో కూడా గర్భం బయట ఉన్న పిండానికి ఆ స్థాయి ఇవ్వరు. ముస్లిం పండితుల్లో చాలామంది ఆత్మ చేరేది 120 రోజులకంటారు, కొందరు 40 అంటారు. కేథలిక్కులు మొదటి క్షణం నుంచీ అంటారు. ఒక్కటి మాత్రం అర్థమైంది. ద్రవ నైట్రోజన్ ట్యాంకుని ఊహించి రాసిన శాస్త్రం ఏదీ లేదు.

నాకు కాస్త దగ్గరగా అనిపించింది బ్రిటన్‌లో 1984 లో వచ్చిన వార్నాక్ కమిటీ రిపోర్టు. మేరీ వార్నాక్ ఫిలాసఫీ మనిషి. పిండం ఒక వ్యక్తి కాదు, అలాగని ఉత్త వస్తువూ కాదు, దానికొక ప్రత్యేక స్థానం ఉండాలి అన్నారు ఆ కమిటీ వాళ్ళు. 14 రోజులు దాటాక పిండం మీద పరిశోధన చెయ్యకూడదని గీత గీశారు, 1990 లో అది చట్టమైంది. సుమారు అప్పుడే పిండంలో వెన్ను వచ్చే చోట మొదటి గీత పడుతుంది, అంతవరకూ అది ఒకటిగా ఉంటుందో కవలలుగా చీలుతుందో కూడా తేలదు. ప్రకృతిలో ఆ రోజున గంట మోగదని వాళ్ళకీ తెలుసు. కానీ ఎక్కడో ఒకచోట గీత లేకపోతే ఎవరూ నమ్మరనీ తెలుసు.

ఇంత వెతికి నేను తెచ్చిన మాటని మా ఆవిడ వంటింట్లో గిన్నెలు సర్దుతూ అనేసింది. "నేను వాటిని పిల్లలనుకోవట్లేదండీ. అలాగని సామాననీ అనుకోవట్లేదు." కమిటీ అక్కర్లేకపోయింది!

రెండో గడి తనకి కుదరదంది. "మన పాప తోబుట్టువు ఎక్కడో పెరుగుతోందంటే నాకు నిద్ర పట్టదు." మూడోది అంతకంటే కుదరదంది. "కరిగించి పారెయ్యడానికా అన్ని సూదులు పొడిపించుకుంది?" మొదటి గడి పదమూడేళ్ళుగా చేస్తున్నదే. డబ్బు కట్టి నిర్ణయాన్ని వాయిదా వేసుకోవడం. హైదరాబాద్‌లో అయ్యుంటే ఆ సుఖం కూడా లేదు. మన దేశంలో 2021 లో వచ్చిన ఏఆర్టీ చట్టం ప్రకారం పదేళ్ళకి మించి దాచకూడదు. తర్వాత వదిలెయ్యాలి, లేదా దంపతుల అనుమతితో రిజిస్టరైన పరిశోధన సంస్థకివ్వాలి. ఇక్కడ అలబామాలో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఫ్రీజర్లో ఉన్న పిండాలు కూడా పిల్లలేనని తీర్పిచ్చింది. కొన్ని క్లినిక్కులు భయపడి ఐవీఎఫ్ ఆపేశాయి, మార్చిలో హడావిడిగా క్లినిక్కుల రక్షణకి ఇంకో చట్టం చేసుకోవాల్సొచ్చింది. మనం తేల్చుకోకపోతే ఇంకెవరో తేల్చేస్తారు.

మిగిలింది నాలుగో గడి. ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. అసలు ఇప్పుడు పిండాలు అవసరమా? జపాన్లో షిన్యా యమనక 2006 లో ఎలుక కణాలతో, 2007 లో మనిషి చర్మకణాలతో చేసి చూపించాడు, మామూలు కణాన్నే వెనక్కి తిప్పి మూలకణంలా మార్చొచ్చని. వీటిని ఐపీఎస్ కణాలంటారు (పోలీసు ఐపీఎస్ కాదు). 2012 లో నోబెల్ వచ్చింది. ఆయన చెప్పిన ఒక సంగతి నాకెప్పుడూ గుర్తొస్తుంది. స్నేహితుడి క్లినిక్‌లో మైక్రోస్కోపు కింద ఒక పిండాన్ని చూసినప్పుడు, దీనికీ నా కూతుళ్ళకీ తేడా ఎంత తక్కువ అనిపించిందట. వేరే దారి వెతకాలనుకున్నది అక్కడే. ఈ గొడవలో ఎదుటివాణ్ణి తిట్టకుండా, గొడవే అక్కర్లేని దారి కోసం ల్యాబ్‌లో కూర్చున్న మనిషి ఆయన.

ఇక గొడవ అయిపోయిందనుకున్నారు చాలామంది. అయిపోలేదు. 2025 ఏప్రిల్లో నేచర్ పత్రికలో పార్కిన్సన్స్ మీద రెండు ట్రయల్స్ ఫలితాలు ఒకేసారి వచ్చాయి. క్యోటోలో ఏడుగురికి ఐపీఎస్ కణాలు. అమెరికా, కెనడాల్లో పన్నెండుమందికి పిండం నుంచి వచ్చిన కణాలు. రెండూ చిన్న ట్రయల్సే, ముఖ్యంగా ప్రమాదం లేదని చూడటానికి చేసినవే. ఆ రెండోదానిలో వాడిన కణాల లైన్ పేరు హెచ్9. అది 1998 లో థామ్సన్ తీసిన వాటిలోదే. ఐవీఎఫ్ కోసం తయారై, ఎవరో దంపతులు పరిశోధనకిచ్చిన పిండం. వాళ్ళెవరో లోకానికి తెలియదు. వాళ్ళూ మాలాగే ఏదో బల్ల దగ్గర కూర్చుని ఒక ఫారం మీద సంతకం పెట్టి ఉంటారు.

ఇది చదివి నాకు ఉత్సాహం వచ్చింది. మా ఆవిడకి చెప్పాను, నాన్న జబ్బుకే చూశావా అని. తను నా మొహంలోకి చూసి అంది, "మామయ్యగారికి చెప్పిన మాట తీర్చుకోవడానికైతే వద్దండీ. ఆ మాట చెప్పింది మీరు, ఆ నాలుగూ కాదు."

రెండు వారాలు ఆ విషయం మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

తర్వాత ఒక ఆదివారం తనే ఫారం తీసి మొత్తం చదివింది, పదకొండు పేజీలు. వాటితో మనిషిని తయారు చేస్తారా? చెయ్యరు. అమ్ముకుంటారా? వాటి నుంచి వచ్చిన మందుని కంపెనీలు అమ్ముకోవచ్చు, మనకి వాటా రాదు. దేనికి వాడారో చెప్తారా? చెప్పరు. ఏ ల్యాబూ తీసుకోకపోతే? అప్పుడు పారేస్తారు. చివరి ప్రశ్నకి నేనే జవాబు చెప్పాను. ఆ కణాలు ఎంతకాలం బతుకుతాయి? హెచ్9 పాతికేళ్ళు దాటి ఇంకా పెరుగుతూనే ఉంది.

ఇద్దరం నాలుగో గడిలో టిక్ పెట్టాం. ఎందుకు పెట్టామో నాకు నేను చెప్పుకున్నది ఇది. అవి ఏమీ కావని కాదు. ఎలాగూ పోతాయనీ కాదు. అవి మొదలైంది ఒక బిడ్డ కోసం, ఆ బిడ్డ మాకు దక్కింది. ఇక వాటిని పెంచే ఉద్దేశం మాకు లేదని ఒప్పుకుంటున్నాం, ఆ ఒప్పుకోలు బరువు మాదే. దాని తర్వాత ఎవరికైనా మేలు జరిగితే సంతోషం, జరగకపోతే ఎవరికీ అయిదేళ్ళని మాట ఇవ్వలేదు. ఇది సరైందని గుంటూరు వాణ్ణి ఒప్పించలేను, ఒప్పించాలనీ లేదు. వాడు తప్పని కూడా ఈసారి అనలేను.

ఫారం పంపి పది రోజులైంది. ఇంకా ఏ ల్యాబు నుంచీ కబురు లేదు.

మనవాళ్ళలో ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు, పైకి చెప్పుకోరంతే. మీకూ ఏటా ఇలాంటి బిల్లు వస్తుంటే, ఆటో పే ఆపెయ్యమని నేననను. ఒకసారి ఆ ఫారం తెరిచి, ఇద్దరూ కూర్చుని, మొత్తం చదవండి. నేను పదమూడేళ్ళు ఆలస్యంగా చదివాను.